పత్తి ఆకు నూగు: పచ్చదోమకు అడ్డు, తెల్లదోమకు తావు

గత సంవత్సరము శ్రావణ మాసములో పల్నాడు జిల్లా క్రోసూరు పొలములలో రెండు పత్తి చేలను చూచుట తటస్థించినది. రెంటి నడుమ ఒక గట్టు మాత్రమే కలదు. రెండును నల్లరేగడి నేలలే. వారము తేడాతో విత్తనము పెట్టిరి. ఎరువులు ఇంచుమించు ఒకటే. పురుగుమందు ఒకే దుకాణము నుండి తెచ్చినది. అయినను తూర్పు చేనిలో ఆకుల అంచులు క్రిందికి ముడుచుకొని, పసుపు తిరిగి, అక్కడక్కడ ఎర్రబారి, సెగ తగిలినట్లుండెను. పడమటి చేను పచ్చగా ఉండెను. తూర్పు చేని ఆసామి అప్పటికే నాలుగుసార్లు మందు కొట్టించెను. పడమటి చేని ఆసామి ఒక్కసారి మాత్రమే కొట్టించెను.

"మందొకటే, దుక్కి ఒకటే, వాన ఒకటే. మరి దోమకు నా చేనంటేనే ఎందుకండీ అంత ఇష్టం?" అని తూర్పు చేని రైతు అడిగెను. పడమటి చేని పెద్దాయన వెంటనే బదులు చెప్పలేదు. తన చేనిలో ఒక ఆకు కోసి, దాని అడుగుభాగమును చెంపకు రాచుకొనెను. తరువాత గట్టు దాటి పొరుగు చేని ఆకును కూడ అట్లే రాచుకొనెను. "మా ఆకు గరుగ్గా ఉంది మాస్టారూ. వాళ్లది నున్నగా ఉంది. ఇంతకంటే నేను చెప్పలేను" అనెను.

ఆయన చెంపకు తెలిసినదానినే నేను భూతద్దము క్రింద చూచితిని. పడమటి చేని ఆకు అడుగున, ఈనెల వెంబడియు ఈనెల నడుమను, తెల్లని సన్నని నూగు ఒత్తుగా నిలిచియున్నది. తూర్పు చేని ఆకున పెద్ద ఈనెపై మాత్రము పలుచగా నాలుగు వెంట్రుకలు కనబడినవి. ఆ నాలుగు వెంట్రుకల తేడా ఒక ఆసామికి మూడు పిచికారీల ఖర్చు తెచ్చినది. అట్లని నున్నని ఆకు చెడ్డది, గరుకు ఆకు మంచిది అని తేల్చివేయుటకు వీలులేదు. నూగు ఒక పురుగును తరుమును, మరియొక పురుగును పిలుచును. ఈ సంగతి తెలియక మన గుంటూరు ప్రాంతపు రైతులు ఒకప్పుడు మిక్కిలి నష్టపడిరి. కనుక నూగు అనగా ఏమో, అది ఎట్లు పుట్టునో, పత్తి పైరులో దాని పని ఎంతవరకో కొంత వివరముగా తెలిసికొనుట మంచిది.

నూగు అనగా ఏమి?

ఆకు, కాండము, పూరేకు, కాయ, గింజ వీని పైపొరలో ఉండు కణములలో కొన్ని బయటికి పొడుచుకొని వచ్చి వెంట్రుకవలె పెరుగును. దీనినే నూగు అందుము. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ట్రైకోము అందురు. గ్రీకు భాషలో వెంట్రుక అను మాట నుండి ఆ పేరు వచ్చినది. కొన్ని మొక్కలలో ఒక్కొక్క వెంట్రుక ఒక్కొక్క కణము. కొన్నింటిలో అనేక కణములు గొలుసువలె కూడియుండును. వంగ ఆకుపై ఒకే మొదలు నుండి నాలుగు ప్రక్కలకు పాయలు విచ్చి నక్షత్రమువలె ఉండును. పత్తి ఆకు నూగు కూడ తరచుగా ఇట్లు రెండు మూడు పాయలుగా చీలియుండును.

ఇవియన్నియు వట్టి వెంట్రుకలు. మరియొక జాతి నూగునకు కొనయందు చిన్న తలకాయవంటి గ్రంథి ఉండును. అందులో మొక్క ఏదో ఒక ద్రవమును తయారు చేసి నిలువ ఉంచును. తులసి ఆకును నలిపినప్పుడు వచ్చు వాసన ఈ గ్రంథులు పగులుట వలన వచ్చునదే. పొగాకు రెలిచిన కూలీల చేతులకు అంటు నల్లని జిగురు కూడ ఆకు మీది గ్రంథి నూగు నుండి వచ్చునదే. చిన్న పురుగులు ఆ జిగురులో కాళ్లు చిక్కుకొని చచ్చుట పొగాకు ఆకును కొంచెము నిదానముగా చూచువారికి కనబడును. ఇక దూలగొండి కాయ సంగతి చెప్పనక్కరలేదు. ఆ కాయపై నూగు చర్మములో గ్రుచ్చుకొనుటయే గాక, అందులోని ఒక మాంసకృత్తు మనకు దురద పుట్టించును. బెండకాయలు కోయు స్త్రీలు చేతులకు గుడ్డ చుట్టుకొనుట కూడ నూగు కారణముననే.

పురుగులను అడ్డుట ఒక్కటియే నూగు పని కాదు. ఒత్తయిన తెల్లని నూగు ఎండను కొంత వెనుకకు త్రిప్పికొట్టి ఆకు వేడెక్కకుండ చూచును, ఆకును తాకు గాలి వేగమును తగ్గించును. మెట్ట ప్రాంతములలోను ఎడారులలోను పెరుగు మొక్కలు అనేకము బూడిద పూసినట్లు కనబడుటకు ఇదియొక కారణము. భూమిలో నీటిని పీల్చు వేరు నూగు కూడ ఒక విధముగా ఈ వంశములోనిదే. పైపొరలోని ఒక కణము పొడుచుకొని వచ్చుటయే అక్కడను జరుగును. ఆ కణమును ఎన్నుకొను జన్యువులలో కొన్ని ఆకు నూగునకును వేరు నూగునకును సమానము.

దూది కూడ నూగే

పత్తి రైతునకు ఈ విషయము ఇతరులకంటె దగ్గరది. ఏలయనగా మనము ఏరి, మూటకట్టి, యార్డుకు తోలు దూది సాంతము నూగే. గింజ పైపొరలోని కణములలో ఇంచుమించు నాలుగింట ఒక వంతు పూవు విచ్చిన దినముననే ఉబ్బి, పొడుగెక్క మొదలిడును. ఒక్కొక్క పోగు ఒక్కొక్క కణము మాత్రమే. దాని వెడల్పు మిల్లీమీటరులో యాబదవ వంతునకు అటునిటుగా ఉండును; పొడవు ఇరువది అయిదు, ముప్పది మిల్లీమీటర్లు. మొక్కల ప్రపంచములో ఇంత పొడుగు కణములు అరుదు. ఒక్క గింజపై ఇట్టివి పదివేలకు పైగా ఉండును. దూది తీసిన తరువాత గింజను అంటుకొనియుండు పొట్టి పోగులు కొన్ని దినములు ఆలస్యముగా బయలుదేరినవి. విత్తనమును ఆమ్లముతో శుద్ధి చేయునప్పుడు "నూగు తీసిన విత్తనము" అని మనమందరము అనుచునే ఉందుము. ఆ మాట శాస్త్రరీత్యా కూడ సరియైనది.

పూవు విచ్చినది మొదలు ఇరువది, ఇరువది అయిదు దినముల వరకు పోగు పొడవుగా సాగును. ఆ గడువు ముగియకమునుపే లోపలి గోడ మందమగుట ఆరంభించి, నలుబది దినములు దాటువరకు సాగును. ఎండిన పోగులో నూటికి తొంబది పాళ్లకు మించి సెల్యులోజే. కాయ పగిలి పోగు ఎండగానే బోలుగా ఉన్న ఆ కణము చదునై, పురి తిరిగిన రిబ్బనువలె మెలికలు పడును. ఆ మెలికలే లేనిచో ఒక పోగు మరియొకదానిని పట్టుకొనదు, నూలు రాదు. ఇందులో రైతునకు పనికివచ్చు మాట ఒకటి కలదు. పూత దశ తరువాత మొదటి మూడు వారములలో పైరు బెట్టకు గురియైనచో పింజ పొట్టిదగును. ఆ తరువాతి మూడు వారములలో ఆకు దోమచే ఎర్రబారి రాలినచో పింజ పొడవు ఉన్నను గోడ పలుచనై, తూకము తగ్గి, పచ్చి పోగు ఎక్కువై, కొనువాడు ధర కోయును. ఆకు నూగు పాడయిన చేనిలో గింజ నూగు కూడ పాడగును. మధ్యవర్తి పచ్చదోమ.

ఆకు నూగునకును దూదికిని చుట్టరికము ఊహ మాత్రము కాదు. ఆవ కుటుంబములో ఒక చిన్న కలుపుమొక్కను శాస్త్రజ్ఞులు ప్రయోగములకు పెంచుదురు. దానిలో ఒక జన్యువు చెడినచో ఆకుపై నూగు రాదు. 2004లో చైనా శాస్త్రజ్ఞులు పత్తి పోగులో పనిచేయు అట్టి జన్యువునే తెచ్చి ఆ బోడి మొక్కలో ప్రవేశపెట్టగా దాని ఆకులపై తిరిగి నూగు మొలచినది. గింజలపై కూడ అక్కడక్కడ వెంట్రుకలు కనబడినవి. పత్తిలోనే మరియొక నిదర్శనము కలదు. ఆకును పట్టుబట్టవలె ఒత్తు నూగుతో కప్పివేయు ఒక జన్యుభేదము పత్తిలో చాలకాలముగా తెలిసినదే. అయితే అది ఉన్న మొక్కలలో పింజ పొట్టిదై, ముతకగా ఉండును. కనుక పచ్చదోమ బాధ తీరునని ఆకుపై ఎంత నూగు కావలసిన అంత తెచ్చిపెట్టుట ప్రజననశాస్త్రజ్ఞునకు సాధ్యముకాదు.

పచ్చదోమకు ఎట్లు అడ్డు వచ్చును?

పచ్చదోమను కొందరు దీపపు పురుగు అందురు. ఆకు కదపగానే పిల్లపురుగులు ఎండ్రకాయవలె ప్రక్కవాటుగా నడచి ఆకు మరుగునకు పోవుట దీని ఆనవాలు. తల్లిపురుగు గ్రుడ్లను ఆకు పైన పెట్టదు. ఆకు అడుగున ఈనెలను తన సూదితో చీల్చి, వాని లోపల పెట్టును. పిల్లలు అడుగుననే ఉండి రసము పీల్చును. పీల్చునప్పుడు ఆకులోనికి వదలు ఎంగిలి వలన అంచులు ముడుచుకొని, పసుపు తిరిగి, ఎర్రబారును.

ఈ పురుగు మిక్కిలి చిన్నది. ఆకు అడుగున నూగు పొడుగుగాను ఒత్తుగాను నిలిచియున్నచో దాని శరీరము ఆకు చర్మమునకు ఆనదు. ముంగిట ముళ్లకంచె వేసిన ఇంటిలోనికి పోవలసినట్లగును. ఈనెను చీల్చుటకు సూది అందదు. పిల్లపురుగులకు కాలు నిలువదు. నూగు ఒత్తుగా ఉండి పొట్టిదైనచో ఈ ఫలితము తక్కువ. పొడుగై పలుచనైనను తక్కువ. రెండును కలిసియుండవలెను, అదియు ఆకు అడుగుభాగమున. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ సంగతి తెలిసియు, చూచుటకు సులువని ఆకు పైభాగపు నూగునే లెక్కించి నెల దినముల శ్రమ పాడుచేసికొంటిని. పైభాగమునకును పచ్చదోమకును అంతగా సంబంధము లేదు.

ఈ సత్యమును మొదట పొలములో ఉపయోగించినవారిలో ముఖ్యుడు పార్నెల్ అను శాస్త్రజ్ఞుడు. మన పెద్దలకు ఆయన పేరు తెలియకపోయినను ఆయన పంట తెలియును. గుంటూరు నాటి మద్రాసు రాజధానిలో చేరియున్న కాలములో ఆయన కోయంబత్తూరులో వరిపై పనిచేసి జి.ఇ.బి.24 అను ప్రసిద్ధమైన సన్నవరిని వెలికితీసెను. తరువాత దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ అను చోటికి పత్తి పరిశోధనకు పోయెను. అక్కడ పచ్చదోమ వలన పత్తి సాగే వదలుకొనవలసిన స్థితి ఉండెను. 1920 తరువాతి సంవత్సరములలో ఆయన దోమ తిన్న చేలలో పచ్చగా మిగిలిన మొక్కలను ఏరి, వాని గింజలు కట్టి, యు.4 అను రకమును సాధించెను. ఆ మొక్కలలో కనబడిన ముఖ్య లక్షణము ఆకు అడుగున పొడుగైన ఒత్తు నూగు. పురుగుమందు చుక్క లేకుండ, విత్తనముతోనే ఆ ప్రాంతములో పత్తి నిలబడినది. క్రోసూరు పెద్దాయన చెంపతో చేసిన పరీక్షయు పార్నెల్ చేసిన పరీక్షయు ఒకే జాతివి అని నాకు తోచును.

మనము పండించు అమెరికను పత్తికి శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిను పేరులో "హిర్సూటం" అను మాట కలదు. దాని అర్థము రోమములు గలది. లిన్నేయసు 1763లో ఆ పేరు పెట్టెను. కాని పేరులో ఉన్న రోమములు అన్ని రకములలోను సమానముగా లేవు. అమెరికాలో పచ్చదోమ మనవలె బాధించలేదు. అక్కడ యంత్రముతో ఏరిన దూదిలో ఆకు నలుసులు చిక్కుకొనుట పెద్ద చిక్కు. అందుచేత వారు నున్నని ఆకుగల రకములను కోరి పెంచిరి. అచ్చటి విత్తనము ఎంత మంచిదైనను మన నేలకు నేరుగా తెచ్చినచో శ్రావణ, భాద్రపదములలో దోమపాలగుటకు కారణమిదియే.

దేశవాళీ పత్తుల సంగతి వేరు. గుంటూరు, కృష్ణా ప్రాంతములలో పూర్వము పండిన కొంచెము ఎర్రని ఛాయగల పత్తి కాకినాడ రేవు మీదుగా ఎగుమతియై "కొకనాడ" అను వ్యాపారపు పేరు పొందినది. ఆ జాతి పత్తులు రసము పీల్చు పురుగులను చాలవరకు ఓర్చుకొనును. అయితే వానికి నూగు ఒక్కటియే రక్షణ కాదు. ఆకు సన్నని పాయలుగా చీలియుండుట, ఆకు మందము, రసములోని గుణము ఇవియన్నియు తోడగును. ఈ దేశపు పురుగులతో వేల సంవత్సరములు కలిసి పెరిగిన జాతి అది. దోమ పడిన చేనిలో నున్నని మొక్క గింజ కట్టక పోయినది, నూగు మొక్క గింజ కట్టినది. ఆ గింజయే మరుసటి సంవత్సరము మొలచినది. ఇట్లు తరతరముల ఏరివేతలో మిగిలినదే మనకు కనబడు లక్షణము. అమెరికను పత్తి ఇక్కడికి వచ్చి కొన్ని తరములే అయినది. దానికి ఆ ఏరివేతను మనము పరిశోధనా క్షేత్రములో చేసిపెట్టవలసి వచ్చినది.

నూగు తెచ్చు చిక్కు

ఇంతవరకు నూగు పక్షమున చెప్పితిని. రెండవ పక్షము కూడ వినవలెను.

తెల్లదోమ పచ్చదోమకు వ్యతిరేకమైన అలవాటు గలది. అది గ్రుడ్లను ఆకు అడుగున చర్మమునకు అంటించి నిలబెట్టును. నున్నని ఆకుపైకంటె నూగు గల ఆకుపై అది ఎక్కువ గ్రుడ్లు పెట్టును. వెంట్రుకల మొదళ్లలో గాలి తగులక తేమ నిలుచుట, శత్రువులకు అందకుండ ఉండుట దానికి అనుకూలము. శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు కూడ గ్రుడ్లు పెట్టుటకు నూగు గల చోటునే కోరును. కాలు పట్టు దొరకుట అందులకు కారణమని చెప్పుదురు. అంతేకాదు. ఆ గ్రుడ్లలో తన గ్రుడ్డు పెట్టి చంపు ట్రైకోగ్రామా అను సూక్ష్మమైన పరాన్నజీవి నూగులో నడువలేక తడబడును. అల్లిక రెక్కల పురుగు పిల్లలకు కూడ వేట నిదానమగును. మిత్రులకు కాలు సాగని చోట శత్రువు నిశ్చింతగా ఉండును.

ఈ రెండవ పక్షము విలువ మన ప్రాంతము గ్రహించినది కష్టము మీద. 1970 తరువాత గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పొడవు పింజ అమెరికను పత్తి వేగముగా వ్యాపించినది. 1980 తరువాత సింథటిక్ పైరిత్రాయిడు మందులు వచ్చినవి. కాయతొలుచు పురుగునకు మొదట అవి బాగుగా పనిచేసినందున రైతులు మరల మరల కొట్టిరి. ఆ మందులు మిత్రపురుగులను చంపినవి. 1985 ప్రాంతమున తెల్లదోమ ముంచివేసినది. ఆకులపై తేనెబంక, దానిపై నల్లని బూజు, పగిలిన దూదిపై సహితము మసి. 1987-88లో పంట పోయి, అప్పు తీరక, ఈ రెండు జిల్లాలలో పత్తి రైతులు కొందరు ప్రాణములు తీసికొనిరి. ఆ విపత్తునకు నూగు కారణమని చెప్పుట అన్యాయము. మందుల దుర్వినియోగము, ఒకే పైరు విస్తరించుట, అప్పుల భారము ప్రధాన కారణములు. కాని పచ్చదోమకు తట్టుకొన్న రకము తెల్లదోమకు తట్టుకొనకపోవచ్చునన్న సంగతి అప్పుడు అందరికి తెలిసివచ్చినది. 1922లో ఏర్పడిన గుంటూరు లాం ఫారము నుండి కాంచన, ఎల్.కె.861 అను తెల్లదోమను ఓర్చుకొను రకములు వచ్చుటకు ఆ అనుభవమే ప్రేరణ. 2015లో పంజాబు, హర్యానాలలో తెల్లదోమ పత్తిని నాశనము చేసినప్పుడు ఇదే పాఠము అక్కడ మరల నేర్వవలసి వచ్చినది.

2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చిన పిమ్మట త్రాసు మరియొక ప్రక్కకు మొగ్గినది. బి.టి. గుణము కాయతొలుచు పురుగులకు మాత్రమే. రసము పీల్చు పురుగులను అది తాకదు. శనగపచ్చ పురుగు నూగు ఆకుపై ఎక్కువ గ్రుడ్లు పెట్టినను పిల్లలు తినగానే చచ్చుచుండుటచే నూగు వలన నష్టము తగ్గినది. పచ్చదోమ వలన బాధ మాత్రము అట్లే మిగిలినది. అయితే గులాబి రంగు పురుగు 2015 నాటికి గుజరాతులో రెండు జన్యువుల బి.టి.ని కూడ తట్టుకొనుట మొదలిడి, తరువాత మన ప్రాంతమునకును వ్యాపించినది. మరియొకవైపు పచ్చదోమ కూడ ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులకు అలవాటు పడుచున్నది. మందు శక్తి తగ్గిన కొలది ఆకు నూగు విలువ పెరుగుచున్నది.

పత్తి తరువాత వేయు శనగను గూర్చి కూడ ఒక మాట. శనగ చేనిలో మంచువేళ నడచినవారి కాళ్లు మండుట, చెప్పుల రంగు పోవుట ఎరిగినదే. ఆకుపై గ్రంథి నూగు వదలు మాలిక్, ఆక్జాలిక్ ఆమ్లములే ఆ పులుపునకు మూలము. దేశములో కొన్నిచోట్ల రాత్రివేళ చేనిపై పలుచని గుడ్డ పరచి, ఉదయమున పిండి ఆ పులుసును మందుగా వాడు ఆచారము కలదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో జరిగిన పరీక్షలలో ఆక్జాలిక్ ఆమ్లము శనగపచ్చ పురుగు పిల్లల పెరుగుదలను అణచునని తేలినది. శనగకు జోరువాన పడినచో ఈ పులుపు కడుగుకొనిపోవును. అందుచేత అట్టి వాన పడిన మరునాటి నుండి వారము దినములు చేను విడువక చూచుకొనవలెను. కందికి దగ్గర చుట్టమైన ఒక అడవి తీగ కాయలపై పొడుగు నూగు ఒత్తుగా ఉండుటచే చిన్న పురుగు కాయ గోడను చేరలేదు. సాగు కందిలోనికి ఆ గుణమును తెచ్చుటకు ఇక్రిశాట్ వారు కృషి చేసియున్నారు. మన బెంగుళూరు మిరప ఆకు అడుగున ఈనెలు కలియు మూలలలో చిన్న నూగు కుచ్చులుండును. వానిలో మంచి నల్లులు కాపురముండి చెడ్డ నల్లులను, తామర పురుగు పిల్లలను తినును. ఒకచోట మిత్రునకు అడ్డమైన నూగు మరియొకచోట వానికి ఇల్లగుట వింతయే.

రైతు చూడవలసినవి

విత్తనపు సంచిపై "రసము పీల్చు పురుగులను తట్టుకొనును" అని తరచుగా వ్రాసియుండును. ఈ మాటతో తృప్తిపడరాదు. పచ్చదోమనా, తెల్లదోమనా అని అడుగవలెను. రెంటిని ఒకే లక్షణము అడ్డుట అరుదు అని పైన చెప్పియుంటిమి. అమ్మువానికి తెలియనిచో, క్రిందటి సంవత్సరము ఆ విత్తనము పెట్టిన చేను ఏ ఊరిలో ఉన్నదో కనుగొని, భాద్రపదములో పోయి చూచి రావలెను.

ఆకులను పోల్చునప్పుడు రెండు చేలలోను ఒకే వయసు ఆకును తీసికొనవలెను. నూగు మొత్తము ఆకు చిన్న మొగ్గగా ఉన్నప్పుడే మొలచును. ఆకు విచ్చి పెరిగిన కొలది వెంట్రుకలు ఒకదానికొకటి ఎడమగును. అందుచేత లేత ఆకు అన్ని రకములలోను నూగుగానే కనబడును, ముదురు ఆకు అన్నింటిలోను పలుచగానే కనబడును. పై నుండి నాలుగవ ఆకు లేక అయిదవ ఆకు పోల్చుటకు తగినది. దానిని చూపుడు వ్రేలిపై మడిచి, అడుగుభాగము బయటికి వచ్చునట్లు వెలుతురునకు ఎదురుగా పట్టినచో మడత అంచున నూగు పొడవు కంటికే కనబడును. పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దము తక్కువ ధరకే దొరకును. గ్రామమునకు ఒకటి ఉన్నను చాలును.

మొలక దశలో ఏ రకమునకైనను నూగు రక్షణ తక్కువ. విత్తనపు బద్దలపైనను మొదటి రెండు మూడు ఆకులపైనను అది పలుచగా ఉండును. విత్తనశుద్ధి చేసిన మందు ఈ కొరతను కొన్ని వారములు తీర్చును. ఆ తరువాత కాండమునకు మందు పూయుట మంచి పద్ధతి. ఇమిడాక్లోప్రిడ్ ఒక పాలు, నీరు ఇరువది పాళ్లు కలిపి, విత్తిన 20, 40, 60 దినములకు లేత కాండముపై బ్రష్షుతో పూసినచో మందు మొక్కలోనికి పోవును, చేనిలోని మిత్రపురుగులకు నేరుగా తగులదు. ఈ పని విసుగైనది, కూలి ఎక్కువ. అయినను పిచికారీకంటె నాకు ఇదియే మేలనిపించును.

యూరియా ఎక్కువైన చేనిలో ఆకు లేతగా, వెడల్పుగా పెరుగుటచే పచ్చదోమకు ఇష్టమగును. ఆకు కరుకుగా ఉండవలెనన్న నత్రజనిని మూడు దఫాలుగా పంచుకొని వేయవలెను. ఆకు ఒక్కంటికి సగటున రెండు పచ్చదోమ పిల్లలు కనబడువరకు పిచికారీ అక్కరలేదు. ఆ మితి దాటినప్పుడు ఫ్లోనికామిడ్ లీటరు నీటికి 0.3 గ్రాముల చొప్పున కొట్టవచ్చును. మందు ఆకు అడుగునకు తగులవలెను. తెల్లదోమకు మితి ఆకుకు ఆరు మొదలు ఎనిమిది పెద్ద పురుగులు. నూగు ఎక్కువగల రకము వేసినవారు పసుపు రంగు జిగురు అట్టలను ముందుగానే పెట్టి, తెల్లదోమ మొదటి రాకను కనిపెట్టవలెను. పైరిత్రాయిడు మందుల జోలికి పోరాదు. నున్నని రకము వేసినవారు పచ్చదోమ కొరకు వారమునకు రెండుసార్లయినను ఆకు త్రిప్పి చూడవలెను. బెండ కూడ పత్తి కుటుంబమే గనుక పచ్చదోమకు పుట్టిల్లు. పత్తి చేని ప్రక్క బెండ మడి ఉన్నచో దానిని కూడ చూచుట మరువరాదు.

సంకర విత్తనపు చేని నుండి గింజ దాచుకొని మరల విత్తువారికి ఒక హెచ్చరిక. ఆ గింజ నుండి వచ్చు మొక్కలలో నూగు లక్షణము చీలిపోవును. ఒక మొక్క గరుకు, ప్రక్క మొక్క నున్న. దోమ నున్న మొక్కలపై పెరిగి చేనంతయు వ్యాపించును. సూటి రకముల గింజను మాత్రమే దాచుకొనవచ్చును. అదియు దోమ సంవత్సరములో పచ్చగా నిలిచిన మొక్కలకు గుర్తు కట్టి, వాని కాయలను వేరుగా ఏరినచో మరింత మేలు.

క్రోసూరు తూర్పు చేని ఆసామి ఈ సంవత్సరము పొరుగువాని విత్తనమునే ఎకరము మొత్తము పెట్టుటకు మొదట సిద్ధపడెను. తెల్లదోమ మాట విన్న తరువాత మనసు మార్చుకొని, చెరి సగముగా రెండు విత్తనములు పెట్టి, నడుమ రెండు సాళ్లు కంది వేసెను. "భాద్రపదంలో అద్దం తీసుకుని మీరు రావాలి. ఆకులు నేను కోసి పెడతాను" అని చెప్పియున్నాడు. రెండు పురుగులను రెండు ప్రక్కలను వేరువేరుగా లెక్కించి, పిచికారీల సంఖ్యను, దూది తూకమును ఒకే పుస్తకములో వ్రాయవలెనని అనుకొంటిమి.